ఎంబీబీఎస్ విద్యార్థులకు అల్ట్రాసౌండ్ నేర్పడం ఎలా? ఒక మిషన్, ఐదుగురు విద్యార్థులు, రెండు గంటలు

బెంగళూరు మెడికల్ కాలేజీల్లో ట్యూటర్లుగా, పీజీలుగా, అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా ఉన్న మన తెలుగు డాక్టర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "స్టూడెంట్లకి అల్ట్రాసౌండ్ సెషన్ పెట్టమని హెచ్‌ఓడీ అన్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" దాని వెనకే ఇంకోటి వస్తుంది: "పోయినసారి యాభై స్లైడ్లు చూపించాం. చివర్లో ప్రోబ్ చేతికిస్తే ఒక్కరికీ కిడ్నీ దొరకలేదు. ఎందుకని?"

స్లైడ్లు చూస్తే చెయ్యి తిరగదు కాబట్టి. దానికి తోడు, మొదటి రోజే గాల్‌స్టోన్లు, ప్లూరల్ ఎఫ్యూజన్లు చూపించేయాలన్న ఉబలాటం ఒకటి మనకు ఉంటుంది. విద్యార్థి ముందు నేర్చుకోవాల్సింది రోగం కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద ఒకే చిత్రాన్ని ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా తెప్పించగలగాలి. అది వచ్చాక రోగాన్ని చూపిస్తే తేడా వాళ్లకే కనిపిస్తుంది. కింద రాసిందంతా ఆ ఒక్క పని కోసం.

ముందు కాగితాల పని

దీన్ని దాటేసి ఎవరూ మిషన్ ఆన్ చేయొద్దు. 1994లో వచ్చి 2003లో సవరణలతో ఇప్పటి పేరు పెట్టుకున్న పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే చట్టం) కింద అల్ట్రాసౌండ్ మిషన్ ఉన్న ప్రతి చోటూ రిజిస్టర్ అయి ఉండాలి. జేబులో పట్టే హ్యాండ్‌హెల్డ్ ప్రోబ్‌కూ ఇదే వర్తిస్తుంది. నేర్పడం కోసమే కదా అంటే కుదరదు.

- రేడియాలజీ హెచ్‌ఓడీ, కాలేజీలో ఈ చట్టం వ్యవహారాలు చూసే అధికారి, ఇద్దరి దగ్గరా రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఏ మిషన్, ఏ గది, ఏ తేదీ, ఎవరు పర్యవేక్షిస్తారు అన్నవి అందులో ఉండాలి.
- రిజిస్టర్ అయిన చోటు నుంచి మిషన్‌ని లెక్చర్ హాలుకో, హాస్టల్‌కో, క్యాంపుకో తోసుకెళ్లకండి. విద్యార్థులనే మిషన్ దగ్గరికి తీసుకెళ్లండి. స్కిల్ ల్యాబ్‌లో శాశ్వతంగా పెట్టాలనుకుంటే ఈ చట్టం అమలు చూసే జిల్లా అప్రోప్రియేట్ అథారిటీకి ముందే తెలియజేసి ఆ చోటికి రిజిస్ట్రేషన్ పూర్తి చేయించండి.
- విదేశాల నుంచి స్నేహితులు తెచ్చిన ప్రోబ్ ఎంత బాగున్నా వాడొద్దు.
- గర్భిణులను మోడల్‌గా (అంటే విద్యార్థులు స్కాన్ చేసి నేర్చుకునే మనిషిగా) పెట్టొద్దు. మోడల్‌గా ఉండే అమ్మాయిలకు పొత్తికడుపు స్కాన్ వద్దనుకునే హక్కు ముందే ఇవ్వండి. కారణం అడగకండి.

కావాల్సినవి

ఒక మిషన్‌కు నలుగురైదుగురు విద్యార్థులు, ఒక టీచరు. ఆరో మనిషి వచ్చాడంటే వెనక నిలబడి ఫోన్ చూసుకుంటాడు. బ్యాచ్ ఇరవై మంది అయితే నాలుగు మిషన్లు వెతుక్కోండి. లేదా నాలుగు పూటలుగా విడగొట్టండి. ఇరవై మందిని ఒకే మిషన్ చుట్టూ నిలబెట్టి "అందరూ చూశారా?" అనడం వల్ల హాజరు పట్టిక తప్ప ఏదీ నిండదు.

ప్రోబ్‌లు రెండు చాలు. కర్విలీనియర్ (2–5 మెగాహెర్ట్జ్) పొట్టకు, లీనియర్ (సుమారు 5–12 మెగాహెర్ట్జ్) మెడకు, ఊపిరితిత్తులకు, సూది పనికి. గుండె చూపించాలంటే ఫేజ్డ్ అర్రే ఉంటే మంచిది. లేకపోతే నాలుగో పూట రొమ్ము ఎముక కింది నుంచి చూసే ఒక్క చిత్రం తప్ప గుండెను వదిలేయండి.

మిగతా సరంజామా: జెల్ సీసాలు రెండు, టిష్యూ రోళ్లు, దుప్పటి, టవళ్లు, పరదా, కాలు మడతపడని గట్టి మంచం, చక్రాల స్టూలు, స్టాప్‌వాచ్, సూదులు పారేయడానికి తెల్ల పంక్చర్‌ప్రూఫ్ డబ్బా, ఒక్కో విద్యార్థికి ఒక పేజీ చెక్‌లిస్టు. డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు పొద్దుటి చలికి జెల్ మంచులా ఉంటుంది. మోడల్ ఉలిక్కిపడి పొట్ట బిగిస్తే చిత్రం రాదు. సీసాను అరగంట గోరువెచ్చటి నీళ్లలో ఉంచండి. 5 లీటర్ల క్యాన్ నుంచి పాత సీసాలోకే మళ్లీ మళ్లీ ఒంపుకోవడం ఆపండి, సీసా నోటి దగ్గర క్రిములు చేరతాయి.

మోడల్స్ ఇద్దరు ఉండాలి. ఒకరు సన్నగా ఉన్నవాళ్లు, ఒకరు మామూలు ఒళ్లున్నవాళ్లు. గాల్‌బ్లాడర్ చూపించే రోజు మోడల్ 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా రావాలి. మెస్‌లో దోసె తినేసి వస్తే గాల్‌బ్లాడర్ ముడుచుకుపోతుంది. "మీ చేతిలో తప్పుంది" అని విద్యార్థిని గంటసేపు విసిగిస్తారు, తప్పు దోసెది. పెల్విస్ చూపించే రోజు మోడల్ గంట ముందు మూడు నాలుగు గ్లాసుల నీళ్లు తాగాలి. ఈ రెండూ ఒకే పూట పెట్టుకుంటే ఇబ్బంది లేదు, నీళ్లు తాగొచ్చు. కాఫీ, పాలు మాత్రం వద్దు.

మోడల్ దగ్గర సమ్మతి పత్రం తీసుకోండి. ఏదైనా అనుకోనిది కనిపిస్తే (కిడ్నీలో సిస్టు, థైరాయిడ్‌లో గడ్డ, గాల్‌స్టోన్) ఏం చేస్తారో అందులోనే రాయండి: అందరి ముందు మాట్లాడం, చిత్రం ఫ్రీజ్ చేసి పెట్టం, టీచరు తర్వాత ఒంటరిగా చెప్పి రేడియాలజీకి పంపుతారు. తోటి విద్యార్థులే మోడల్స్ అయితే ఇది ఇంకా ముఖ్యం. హాస్టల్లో సాయంత్రానికల్లా కబురు పాకిపోతుంది. అమ్మాయి మోడల్ అయితే గదిలో ఇంకో మహిళ తప్పనిసరి.

మొదటి మెట్టు: సెషన్‌కు మూడు చిత్రాలు, అంతకు మించి వద్దు

మేం సూచించే వరస:

మొదటి పూట: నాబ్‌లు, ప్రోబ్ కదలికలు, మెడలో రక్తనాళాలు.
రెండో పూట: కుడి పక్క (లివర్, కిడ్నీ), ఎపిగాస్ట్రియంలో (పొట్ట పై భాగం మధ్యలో) అయోర్టా (పెద్ద ధమని), ఐవీసీ (ఒంటి కింది భాగం నుంచి గుండెకు వెళ్లే పెద్ద సిర).
మూడో పూట: ఊపిరితిత్తులు, ఎడమ పక్క (స్ప్లీన్, కిడ్నీ).
నాలుగో పూట: పెల్విస్, సబ్‌జిఫాయిడ్ కిటికీ (రొమ్ము ఎముక కింది కొస, అంటే జిఫాయిడ్, కింది నుంచి గుండె), దాంతో ఫాస్ట్ స్కాన్ (దెబ్బ తగిలినవాళ్లలో లోపల రక్తం, ద్రవం చేరిందా అని చూసేది) నాలుగు చోట్లూ పూర్తి.
ఐదో పూట: ఫాంటమ్ (ఒంటికి బదులు వాడే నమూనా ముద్ద) మీద, తెర చూస్తూ సూది గుచ్చడం.

గాల్‌బ్లాడర్‌ను రెండో పూటలో కలపొచ్చు, మోడల్ పరగడుపున వస్తేనే. ఫిజియాలజీ, అనాటమీ వాళ్లు కలిసొస్తే ఫస్టియర్‌లోనే మెడ, పొట్ట చూపించొచ్చు. క్లినికల్ అర్థాలు అప్పుడే వద్దు.

రెండో మెట్టు: నాబ్‌లు, 15 నిమిషాల్లో

ఫిజిక్స్ గురించి చెప్పాల్సింది మూడు వాక్యాలు. మెత్తటి కణజాలంలో శబ్దం సెకనుకు 1540 మీటర్లు వెళ్తుందని మిషన్ అనుకుంటుంది, ప్రతిధ్వని తిరిగొచ్చిన టైమును బట్టి లోతు లెక్కకడుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగితే చిత్రం స్పష్టంగా ఉంటుంది, లోతుకు వెళ్లదు. గాలి, ఎముక దాటి ఏమీ కనిపించదు. ఇంతే. పీజో ఎలక్ట్రిక్ క్రిస్టల్ మీద పావుగంట మాట్లాడితే ఆ పావుగంట చేతికి దక్కదు.

నాబ్‌లు నాలుగే నేర్పండి: డెప్త్ (ఎంత లోతు కనిపించాలో), గెయిన్ (చిత్రం మొత్తం వెలుతురు), టీజీసీ (ఒక్కో లోతులో వెలుతురు), ఫ్రీజ్. ప్రీసెట్ (చూసే అవయవానికి తగ్గ సెట్టింగ్) మార్చడం ఐదోది. విద్యార్థే మిషన్ తాకాలి, మీరు కాదు. "చూడాల్సింది తెర మధ్యలోకో, కొంచెం కిందికో వచ్చేదాకా డెప్త్ తగ్గించు" అన్న ఒక్క సూత్రం పట్టుకుంటే సగం చిత్రాలు బాగుపడతాయి. గెయిన్‌కు పరీక్ష: రక్తం, మూత్రం నల్లగా ఉండాలి. బూడిదరంగు కనిపిస్తే గెయిన్ ఎక్కువ.

మూడో మెట్టు: ప్రోబ్ పట్టు, ఐదు కదలికలు

ఎక్కువ టైము ఇక్కడ పెట్టండి. తొందరపడి ఇది దాటేసిన బ్యాచ్ చివరిదాకా తడబడుతూనే ఉంటుంది.

పట్టు: ప్రోబ్‌ని కింది భాగంలో, చర్మానికి దగ్గరగా పట్టుకోవాలి. చిటికెన వేలు, అరచేతి అంచు మోడల్ ఒంటి మీద ఆనాలి. ఆ ఆసరా లేకపోతే మోడల్ ఊపిరి తీసినప్పుడల్లా చిత్రం జారిపోతుంది. వైరును మెడ చుట్టూ వేసుకోకూడదు, దాన్ని బొటన వేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి మణికట్టు మీదుగా వదలాలి.

మార్కర్: ప్రోబ్ పక్కన ఉన్న గీత లేదా చుక్క, తెర మీద ఎడమ వైపు కనిపించే గుర్తు, ఈ రెండూ ఒకే వైపు. అడ్డకోత అయితే మార్కర్ రోగి కుడికి, నిలువుకోత అయితే తల వైపుకి. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ జెల్ రాసి ప్రోబ్ ఒక చివర వేలితో తట్టి, తెర మీద ఏ వైపు కదిలిందో చూడమనండి. ఐదు సెకన్ల పని. మోడల్ తల వెనక నిలబడి మెడ చూసేటప్పుడు మార్కర్ మీ ఎడమకు ఉంటే అది రోగి ఎడమ కూడా. మొదటిసారి అందరూ తికమకపడేది ఇక్కడే, కాబట్టి పక్క నుంచి ఒకసారి, తల వెనక నుంచి ఒకసారి నిలబెట్టి రెండూ చూపించండి. గుండె ప్రీసెట్‌లో తెర గుర్తు కుడి వైపుకు మారుతుందన్న మాట గుండె సెషన్ దాకా దాచి ఉంచండి.

కదలికలు ఐదు. వీటికి మీ బ్యాచ్ అంతా ఒకే పేర్లు వాడాలి, లేకపోతే మీరు ఒకటి చెప్తే వాళ్లు ఇంకొకటి చేస్తారు.

1. జరపడం: ప్రోబ్ మొత్తం చర్మం మీద ఇంకో చోటికి వెళ్తుంది.
2. వంచడం: ప్రోబ్ ఉన్నచోటే ఉంటుంది, టార్చిలైటు గోడ మీద పైకీ కిందికీ తిప్పినట్టు కోత కోణం మారుతుంది.
3. ఊపడం: మార్కర్ వైపుకో, దాని ఎదురు వైపుకో వాల్చడం. చూడాల్సింది తెర అంచున ఉంటే మధ్యకి తెస్తుంది.
4. తిప్పడం: ఉన్నచోటే గడియారం ముల్లులా. అడ్డకోత నిలువుకోత అవుతుంది.
5. నొక్కడం: సిర ముడుచుకుంటుంది, పేగులోని గాలి పక్కకు పోతుంది.

వ్యాయామం: విద్యార్థి మెడలోని కెరోటిడ్ ధమనిని తెర మధ్యలో పెట్టాలి. మీరు "జరపు", "వంచు", "తిప్పు" అని ఒక్కో మాట అంటారు, అతను ఆ ఒక్క కదలికే చేయాలి. రెండు కదలికలు కలిపాడంటే ఆపి మళ్లీ మొదట్నుంచి. ఇది పది నిమిషాలు చేయిస్తే విసుగ్గానే ఉంటుంది, అయినా చేయించండి. చిత్రం పోయినప్పుడు ఏ కదలిక వల్ల పోయిందో తెలిసినవాడే వెనక్కి తెచ్చుకోగలడు.

నాలుగో మెట్టు: చూపించే పద్ధతి

పేటన్ నాలుగు మెట్ల పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. మొదట మీరు మాట్లాడకుండా, మామూలు వేగంతో చేయండి. రెండోసారి ఒక్కో అడుగూ వివరిస్తూ చేయండి. మూడోసారి విద్యార్థి నోటితో చెప్తాడు, మీరు అతను చెప్పిందే చేస్తారు. అతను తప్పు చెప్తే తప్పే చేయండి, తెర మీద ఏమైందో అతనే చూస్తాడు. నాలుగోసారి అతను చెప్తూ తానే చేస్తాడు.

పేటన్ పద్ధతిలో ఆ మూడో మెట్టు దాటవేయడం మనకు బాగా అలవాటు. అసలు నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది, దాన్ని వదలొద్దు.

ఇంకో నియమం: విద్యార్థి చేతిలో ప్రోబ్ ఉన్నప్పుడు మీ చేతులు వెనక్కి కట్టుకోండి. చెయ్యి పట్టుకుని జరిపితే చిత్రం వస్తుంది, అతనికి అది ఎలా వచ్చిందో తెలీదు. రెండు నిమిషాలు ఇరుక్కుపోయినా నోటితోనే దారి చెప్పండి. అప్పటికీ రాకపోతే ప్రోబ్ తీయించి, జెల్ రాయించి, మొదటి గుర్తు దగ్గర్నుంచి మళ్లీ పెట్టించండి.

తెలుగు విద్యార్థులతో తెలుగులోనే చెప్పండి, తప్పేం లేదు. రోగి మాత్రం చాలాసార్లు కన్నడిగుడు. ఊపిరి బిగపట్టమని చెప్పడం రాక చిత్రం పోగొట్టుకునే ఇంటర్న్‌లు చాలామంది. "ఉసిరు ఎళ్కొళ్ళి, హాగే హిడ్కొళ్ళి, బిడి" అన్న మూడు ముక్కలు, పక్కకు తిరగమనడానికి "ఎడగడె తిరుగి" అన్నది చెక్‌లిస్టు పైన రాసి పెట్టండి.

ఐదో మెట్టు: మొదటి చిత్రాలు, ఒక్కొక్కటిగా

మెడ. లీనియర్ ప్రోబ్, డెప్త్ 3–4 సెంటీమీటర్లు, అడ్డకోత, థైరాయిడ్ పక్కన. కెరోటిడ్ గుండ్రంగా, మందమైన గోడతో, కొట్టుకుంటూ ఉంటుంది. ఇంటర్నల్ జుగులర్ సిర దాని పక్కనో, కొంచెం పైనో ఉంటుంది, మెల్లగా నొక్కగానే ముడుచుకుపోతుంది. సిర కనిపించట్లేదంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు ప్రోబ్ గట్టిగా నొక్కుతున్నట్టే. చెయ్యి తేలిక చేయించండి, లేదా మోడల్‌ని ముక్కు, నోరు మూసుకుని గాలి బిగపట్టమనండి, సిర ఉబ్బుతుంది. కెరోటిడ్ మీద గట్టిగా నొక్కనివ్వొద్దు. రెండు వైపులా ఒకేసారి అసలే వద్దు.

కుడి పక్క. కర్విలీనియర్, డెప్త్ 14–16 సెంటీమీటర్లు, మార్కర్ తల వైపు. జిఫాయిడ్ ఎత్తులో చంక మధ్య గీత మీద ప్రోబ్ పెట్టించండి. పక్కటెముకల నీడలు అడ్డొస్తే ప్రోబ్‌ని అపసవ్యంగా కొంచెం తిప్పితే ఎముకల సందులోకి వాలుతుంది. అంటే మార్కర్ ఉన్న చివర మంచం వైపుకు దిగాలి. తెర మీద నాలుగూ చూపించాకే "అయింది" అనాలి: డయాఫ్రమ్, లివర్, కిడ్నీ మొత్తం, లివర్ కింది కొస. లివర్, కిడ్నీ కనిపించగానే ఫ్రీజ్ కొట్టేయడం సర్వసాధారణం. కొద్దిపాటి ద్రవం తరచూ ముందు చేరేది లివర్ కింది కొస దగ్గరే, అది చూడకుండా "నెగెటివ్" అని రాస్తే ఆ మాటకు విలువ లేదు.

ఎడమ పక్క. కుడి పక్కలాగే అనుకుని ముందుకే వెతుకుతారు. స్ప్లీన్ ఇంకా పైన, ఇంకా వెనక ఉంటుంది. ప్రోబ్ పట్టుకున్న చేతి కణుపులు మంచానికి తాకాలి, అప్పుడు సరైన చోట ఉన్నట్టు. తిప్పడం ఇక్కడ సవ్యదిశలో. నిండుగా ఉన్న జీర్ణాశయం ద్రవంలా కనిపించి మోసం చేస్తుంది.

అయోర్టా, ఐవీసీ. ఎపిగాస్ట్రియంలో అడ్డకోత. ముందు వెన్నుపూస వంపు, దాని వెనక నీడ వెతకమనండి. అది దొరికితే దాని పైనే రెండు నాళాలూ ఉంటాయి. తెర ఎడమ పక్కది ఐవీసీ, కుడి పక్కది అయోర్టా. తర్వాత ఐవీసీ మీద మధ్యలో ఉంచి నిలువుకి తిప్పాలి. అది లివర్ గుండా వెళ్లి కుడి ఏట్రియంలో కలవడం కనిపించాలి, హెపాటిక్ సిర వచ్చి చేరడం కనిపిస్తే ఇంకా మంచిది. "కొట్టుకుంటోంది కాబట్టి అయోర్టా" అన్న తర్కం పనిచేయదు, పక్కనే ఉండటం వల్ల ఐవీసీ కూడా కదులుతుంది. కొలతల విషయం: ఏట్రియం దగ్గర్నుంచి సుమారు 2 సెంటీమీటర్ల దిగువన కొలుస్తారు. నాళం మధ్య నుంచి కాక అంచు నుంచి కోత పోతే ఐవీసీ అసలు కంటే సన్నగా కనిపిస్తుంది. అందుకే మొదటిసారి చూసే పూట కొలతలు వద్దు, గుర్తుపట్టడం చాలు.

ఊపిరితిత్తులు. లీనియర్ ప్రోబ్, మార్కర్ తల వైపు, మిడ్‌క్లావిక్యులర్ గీత (కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి వెళ్లే గీత) మీద రెండు మూడు పక్కటెముకల మధ్య, డెప్త్ 4–6 సెంటీమీటర్లు. రెండు ఎముకల నీడలు, వాటి మధ్య కొంచెం కిందగా మెరిసే ప్లూరా (ఊపిరితిత్తి పొర) గీత. ఆ గీత ఊపిరితో పాటు జారుతూ ఉండాలి. మోడల్‌ని ఊపిరి బిగపట్టమనండి: జారడం ఆగిపోతుంది. ఎం-మోడ్ (ఒకే గీత మీది కదలికను కాలంతో పాటు చూపించేది) పెడితే ఇసక తీరంలా ఉన్న చిత్రం వరస గీతల బార్‌కోడ్‌గా మారిపోతుంది. న్యుమోథొరాక్స్‌లో (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినప్పుడు) ఏం కనిపిస్తుందో రోగి అవసరం లేకుండా చూపించినట్టే. ఊపిరి వదలగానే మళ్లీ వస్తుంది. మోడల్‌కు శ్రమ అవుతుంది కాబట్టి 10–15 సెకన్లకు మించకండి.

పెల్విస్. ప్యూబిక్ ఎముకకు పైనే పెట్టి కిందికి వంచాలి. నిండిన బ్లాడర్ వెనక అంతా తెల్లగా వెలిగిపోతుంది, ఆ వెలుగులో ద్రవం దాక్కుంటుంది. టీజీసీ కింది మీటలు తగ్గించాలి. మగవాళ్లలో సెమినల్ వెసికిల్స్‌ని ద్రవం అనుకోవడం మామూలు పొరపాటు.

ఆరో మెట్టు: సూది పని, ఇంట్లో చేసుకునే ఫాంటమ్

కొన్న ఫాంటమ్ ఉంటే సరే. లేకపోతే ఒక రోజు ముందు చేసుకోండి. లీటరు నీళ్లకు:

- రుచీ రంగూ లేని జెలటిన్ పొడి 100 గ్రాములు (బేకరీ సామాను కొట్లలో దొరుకుతుంది)
- ఇసబ్‌గోల్ పొడి 2 టేబుల్ స్పూన్లు, తియ్యదనం లేనిది
- పొడుగాటి సన్న బెలూన్లు 2 (చిక్‌పేట వైపు పార్టీ సామాను కొట్లలో చూడండి)
- ముదురు ఫుడ్ కలర్, బ్రెడ్ లోఫ్ పట్టేంత ప్లాస్టిక్ డబ్బా

ఎలా చేయాలి: పావు లీటరు చన్నీళ్లలో జెలటిన్ చల్లి 10 నిమిషాలు నాననివ్వండి. మిగతా నీళ్లు బాగా వేడిచేసి అందులో పోసి, పూర్తిగా కరిగేదాకా మెల్లగా కలపండి. గిలక్కొట్టొద్దు, బుడగలు వస్తాయి. రంగు వేసి, కొంచెం చల్లారాక ఇసబ్‌గోల్ కలపండి. పైన తేలిన నురగ చెంచాతో తీసేయండి. డబ్బాలో 3 సెంటీమీటర్ల ఎత్తు పోసి ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వండి. బెలూన్లలో నీళ్లు నింపి, నీళ్లలో ముంచే ముడి వేయండి, గాలి మిగలకూడదు. గట్టిపడిన పొర మీద వాటిని పరిచి, గోరువెచ్చగా ఉన్న మిగతా ద్రావణం పోయండి. వేడిగా పోస్తే కింది పొర కరిగి బెలూన్ మునిగిపోతుంది. బెలూన్ పైన 1.5–2 సెంటీమీటర్ల పొర ఉండేలా చూసుకుని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇసబ్‌గోల్ ఎందుకంటే, వట్టి జెలటిన్ తెర మీద నల్లగా ఉంటుంది, సూది ఇట్టే కనిపించి అభ్యాసం మరీ తేలికైపోతుంది. పొడి కలిస్తే కండలా బూడిదరంగు వస్తుంది. ఎక్కువైతే ఏదీ కనిపించదు.

బెంగళూరులో ఈ ముద్ద బల్ల మీద రెండు మూడు గంటలు నిలుస్తుంది. చెన్నైలో ఉన్నవాళ్లు వేసవిలో ఏసీ లేకుండా పెడితే గంటలో జావ అవుతుంది. అక్కడ అగర్ పొడి లీటరుకు 25 గ్రాములు మరిగించి చేసుకోవడం మేలు, కడల్‌పాసి పేరుతో దొరుకుతుంది. అది వేడికి కరగదు కానీ పెళుసు, సూది గుచ్చిన దారులు మిగిలిపోతాయి. జెలటిన్ జంతు పదార్థం, దాన్ని తాకననే విద్యార్థులకు కూడా అగరే మార్గం. కోడి బ్రెస్ట్ మాంసంలో బెలూన్ దూర్చడం ఇంకో దారి, కండ పొరలు నిజంలా కనిపిస్తాయి. కానీ ప్రోబ్‌కి తొడుగు తప్పనిసరి, అదే రోజు పారేయాలి.

సూది పెట్టేటప్పుడు: 18 లేదా 20 గేజ్ సూది. ముందు ఇన్‌ప్లేన్, అంటే సూది మొత్తం ప్రోబ్ పొడుగు కింద కనిపించేలా. తర్వాత అవుట్ ఆఫ్ ప్లేన్. రెండో దాంట్లో తెర మీద కనిపించే తెల్ల చుక్క సూది కొనే కానక్కర్లేదు, నడుము కూడా కావొచ్చు. అందుకే ప్రోబ్‌ని కొంచెం ముందుకు వంచి చుక్క మాయమయ్యేలా చేయాలి, తర్వాత సూదిని నెట్టి చుక్క మళ్లీ వచ్చేలా చూడాలి, మళ్లీ ప్రోబ్. ఇలా ఒకటి తర్వాత ఒకటి. సూది కనిపించకుండా నెడుతున్న క్షణంలోనే ఆపండి, "కనపడందే నెట్టొద్దు" అన్నదొక్కటే ఇక్కడ నియమం. వాడిన సూది తెల్ల డబ్బాలోకి, మూత మళ్లీ పెట్టొద్దు.

చిత్రం రానప్పుడు వెతకాల్సినవి, ఈ వరసలో

విద్యార్థి "రావట్లేదు సార్" అన్నప్పుడు కారణం చాలావరకు వీటిలోనే ఉంటుంది. మీరు చూడకండి, అతనితోనే ఒక్కోటి చెప్పించండి.

- తెర అంతా నలుపు, పైన అడ్డగీతలు: జెల్ చాలలేదు, లేదా ప్రోబ్ అంచు గాలిలో ఉంది.
- వేరే ప్రోబ్ ఆన్‌లో ఉంది. నవ్వొస్తుంది కానీ ప్రతి బ్యాచ్‌లోనూ జరుగుతుంది.
- డెప్త్ 25 సెంటీమీటర్ల దగ్గర ఉండిపోయింది, కిడ్నీ గింజంత కనిపిస్తోంది.
- పొట్టలో గాలి: పావు నిమిషం నిదానంగా నొక్కి ఉంచాలి, లేదా మోడల్‌ని ఎడమ పక్కకు తిప్పాలి.
- ఎముక నీడ: ఊపిరి లోపలికి తీసి పట్టమంటే అవయవం కిందికి దిగుతుంది.
- చెయ్యి పరుగులు తీస్తోంది. చూపు తెర మీద కాక చేతి మీద ఉంది. స్టూలు ఎత్తు సరిచేసి, తెరను అతని కళ్ల ఎదురుగా తిప్పండి.
- భుజం పైకి లేచి, మణికట్టు మెలిపడి ఉంది. మంచం దగ్గరికి జరగమనండి. ఆ నొప్పితో చెయ్యి నిలకడగా ఉండదు.

వచ్చిందో లేదో తేల్చుకోవడం

"బాగా చేశావు" అనడం పరీక్ష కాదు. ఇవి చేయండి.

పాడుచేసిన మిషన్: డెప్త్ పూర్తిగా పెంచి, గెయిన్ చివరిదాకా తిప్పి, టీజీసీ మీటలు వంకరటింకర చేసి, ప్రీసెట్ థైరాయిడ్‌లో పెట్టి అప్పగించండి. కుడి పక్క చూడటానికి మిషన్‌ని ఒక నిమిషంలో సిద్ధం చేయాలి. మొదటి సెషన్ నేర్పింది ఒంటబట్టిందో లేదో ఇక్కడే బయటపడుతుంది.

టైము పెట్టి చిత్రం: ఇంతకు ముందు చూడని మోడల్ మీద, కుడి పక్క నాలుగు గుర్తులతో, 2 నిమిషాల్లో. నాలుగింట్లో ఒకటి లేకపోయినా మళ్లీ చేయాలి, మార్కులు సగం ఇవ్వొద్దు.

పేరు లేని చిత్రాలు: ప్రతివాళ్లూ సేవ్ చేసిన క్లిప్పుల మీద పేరు తీసేసి, ఆ సెషన్‌లో లేని సహోద్యోగితో "ఇది చూసి నిర్ణయం తీసుకోగలరా, లేదా?" అని అవును-కాదు రాయించండి. పక్కన నిలబడి నేర్పిన మనం మార్కులు ఉదారంగా వేస్తాం, అందుకని. క్లిప్పు అడగండి, ఫ్రీజ్ చేసిన ఒక్క చిత్రం కాదు. అదృష్టం కొద్దీ దొరికిన ఒక చిత్రాన్ని అందరూ సేవ్ చేసుకోగలరు.

సూదికి: ఫాంటమ్‌లో బెలూన్ నుంచి నీళ్లు రావడం సరిపోదు. సూది కొన మొదట్నుంచి చివరిదాకా తెర మీద ఉందా, ఎదుటి గోడ చిరిగిందా అన్నవి చూడండి.

ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ముందుగా చెప్పకుండా మళ్లీ అదే పరీక్ష పెట్టండి. మధ్యలో ప్రోబ్ పట్టనివాళ్లకు ముందు పోయేది మార్కర్ దిశ, తర్వాత డెప్త్. వాళ్లను మళ్లీ మొదటి సెషన్‌కు పంపనక్కర్లేదు, ఐదు కదలికల వ్యాయామం పావుగంట, కుడి పక్క మూడుసార్లు చేయిస్తే చాలావరకు తిరిగొస్తుంది. ఇక ఎమర్జెన్సీ డాక్టర్లకు అమెరికాలో ఒక్కో రకం స్కాన్‌కు 25 నుంచి 50 వరకు సరిచూసిన స్కాన్లు ఉండాలంటారు. ఎంబీబీఎస్ విద్యార్థికి అంత వీలుపడదు కాబట్టి ఐదు సెషన్లు అయ్యాక సర్టిఫికెట్ మీద "నిపుణుడు" అన్న మాట రాయకండి. "పర్యవేక్షణలో ఈ చిత్రాలు తెప్పించగలరు" అని చిత్రాల పేర్లతో రాయండి.

సెషన్ ముగిశాక ప్రోబ్‌ల మీద జెల్ ఎండకముందే మెత్తటి గుడ్డతో తుడిపించండి. తర్వాత ఆ కంపెనీ మాన్యువల్లో చెప్పిన ద్రవంతోనే శుభ్రం చేయాలి. సర్జికల్ స్పిరిట్ కొన్ని ప్రోబ్‌ల రబ్బరు లెన్స్‌ని ఎండబెట్టి పగలగొడుతుంది. వైర్లు వదులుగా చుట్టి తగిలించాలి, చక్రాల కింద పడకుండా. మిషన్‌లో సేవ్ అయిన మోడల్ పేర్లు, చిత్రాలు తీసేయండి. హాజరు, సమ్మతి పత్రాలు, ఏ మిషన్ వాడారన్నది మాత్రం ఫైల్‌లో పెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఆ ఫైలే.